హెచ్ 05.24 వేసేముందు ఆరో అంకె చూసుకోండి

అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (రోగి రికార్డులోని జబ్బులకు బీమా క్లెయిమ్ కోసం కోడ్‌లు వేసే పని) నేర్చుకుని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక మాట. అమెరికా రోగి చార్టులో కన్ను ఎప్పుడూ ముందుకు పొడుచుకొచ్చే ఉంటుందని డాక్టర్ రాస్తే, అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో అది హెచ్ 05.24. అక్కడితో ఆగితే క్లెయిమ్ తిరిగొస్తుంది. హెచ్‌తో కలిపి లెక్కిస్తే వచ్చే ఆరో అంకె తప్పనిసరి: కుడి కన్నుకి 1, ఎడమకి 2, రెండింటికీ 3. ఏ కన్నో రాయలేదని వెంటనే 9 వేసేయకండి, పరీక్ష భాగం ఇంకోసారి చదవండి. 'ఓడీ' అంటే కుడి, 'ఓఎస్' ఎడమ, 'ఓయూ' రెండూ. నైట్ షిఫ్ట్‌లో, తెల్లవారుజామున మూడింటికి, నేను ఓఎస్‌ని కుడి అనుకుని 241 వేశాను. ఆడిట్‌లో దొరికింది. అప్పటినుంచి ఆ మూడూ చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నాను.

'హెర్టెల్ 23, 17' అని, అంటే కన్ను ఎంత ముందుకొచ్చిందో హెర్టెల్ పరికరంతో తీసిన కొలతలు మాత్రమే ఉంటే వాటిని చూసి మనం జబ్బు తేల్చకూడదు, డాక్టర్‌కి క్వెరీ పంపి అడగాలి. కన్ను ముందుకు రావడం వచ్చిపోతూ ఉంటుందని రాస్తే అది హెచ్ 05.25. గ్రేవ్స్ (ఒక థైరాయిడ్ జబ్బు) అని కనిపిస్తే మాత్రం, దయచేసి, ముందు కోడ్ పుస్తకం ఇండెక్స్‌లో థైరాయిడ్ దారి పట్టండి.