లండన్ సిటీ ఫ్రీడమ్ పిల్లలకు వస్తుందా? ముందు రెండు తేదీలు చూడండి

మా తమ్ముడు లండన్‌లో ఐటీ ఉద్యోగం చేస్తాడు. 2015లో అక్కడ సిటీ ఫ్రీమన్ అయ్యాడు. అంటే లండన్ సిటీ తన పాత ఆచారం ప్రకారం ఇచ్చే ఒక హోదా వచ్చింది, దాన్నే సిటీ ఫ్రీడమ్ అంటారు. ఆ ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టినప్పటి నుంచి నల్లగొండలో మా చుట్టాలంతా నన్ను ఒకటే అడుగుతున్నారు: ‘ఇది పిల్లలకు కూడా వస్తదట కదా?’ అని. నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే మనిషిని. వారసత్వం మాట వస్తే ముందు కాగితం మీది తేదీ చూస్తాను. ఇందులో కూడా సంగతంతా తేదీలోనే ఉంది.

దానికంటే ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. ఇది బ్రిటిష్ పౌరసత్వం కాదు. వీసాకు పనికిరాదు, సెటిల్‌మెంట్‌కు పనికిరాదు. ‘సిటీ ఫ్రీడమ్ ఇప్పిస్తాం, దాంతో అక్కడే ఉండిపోవచ్చు’ అని ఎవరైనా ఏజెంటు అంటే రూపాయి కూడా చేతిలో పెట్టకండి. మన పిల్లలను పైచదువులకు పంపడానికి పొలాలు అమ్ముకుంటున్న కుటుంబాలను నేను రోజూ చూస్తున్నాను. అందుకే ఈ మాట ముందుగా రాస్తున్నాను.

మరి ఇదేమిటి? పాత రోజుల్లో ఇంగ్లండ్ పట్టణాల్లో వ్యాపారం పెట్టుకోవాలన్నా, చేతిపని చేసుకోవాలన్నా ఆ ఊరి ఫ్రీమన్ అయి ఉండాలి. చాలాచోట్ల ఓటు హక్కు కూడా వాళ్లదే. 1835 మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంతో ఆ వ్యాపార గుత్తాధిపత్యం పోయింది, కానీ ఫ్రీమన్ హోదా మిగిలింది. లండన్ సిటీకి ఆ చట్టం వర్తించలేదు, దాని ఆచారం దానిదే. లండన్ సిటీ అంటే మహానగరం మొత్తం అనుకోకండి. నడిబొడ్డున చదరపు మైలు పాటి పాత పట్టణం అది.

అక్కడ ఫ్రీడమ్‌కు మూడు దార్లు. ఒక ఫ్రీమన్ దగ్గర అప్రెంటిస్‌గా చేరి గడువు పూర్తి చేయడం ఒకటి. ఫీజు కట్టి, తెలిసినవాళ్ల సిఫార్సుతోనో, లివరీ కంపెనీ అనే వృత్తి సంఘం ద్వారానో రావడం రెండోది. దీన్ని రిడెంప్షన్ అంటారు. మా తమ్ముడు ఐటీ వృత్తి వాళ్ల లివరీ కంపెనీ ద్వారా ఇలాగే వచ్చాడు. 1996 నుంచి ఏ దేశం వాళ్లయినా తీసుకోవచ్చు కాబట్టి వాడి ఇండియన్ పాస్‌పోర్ట్ అడ్డు రాలేదు. తల్లిదండ్రుల ద్వారా వచ్చేది మూడో దారి, పాట్రిమొనీ. మనవాళ్లు అడిగేది దీని గురించే.

పాట్రిమొనీకి అసలు షరతు ఒక్కటే. బిడ్డ పుట్టేనాటికి తల్లో తండ్రో అప్పటికే ఫ్రీమన్ అయి ఉండాలి. మా తమ్ముడికి ఇద్దరు పిల్లలు. తొలి కాన్పు పుట్టింట్లో కావాలని మరదలు మిర్యాలగూడ వచ్చింది, 2011లో బాబు అక్కడే పుట్టాడు. పాప 2017లో లండన్‌లో పుట్టింది. తండ్రి ఫ్రీమన్ అయింది 2015లో. కాబట్టి పాపకు హక్కు ఉంది, బాబుకు ఈ దారిలో లేదు. బాబు మిర్యాలగూడలో పుట్టడానికీ దీనికీ సంబంధం లేదు. 2011లో లండన్‌లో పుట్టినా అంతే. పాప మిర్యాలగూడలో పుట్టినా హక్కు ఉండేది. ఇక్కడే అందరూ పొరబడుతున్నారు, పుట్టిన ఊరు చూస్తారని అనుకుంటున్నారు.

మన ఆస్తి లెక్కను దీనికి పెట్టకూడదు. మన దగ్గర తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సంపాదన పిల్లలందరికీ సమానంగా వస్తుంది, ముందు పుట్టారా వెనక పుట్టారా అని చూడరు. అక్కడ అదే చూస్తారు. ఇంకో తేడా, తండ్రి పోయేదాకా ఆగాల్సిన పని లేదు. ఆయన ఉండగానే బిడ్డ తన పేరున అడగవచ్చు. అయితే అడగకుండా దానంతట అది రాదు. పెద్దయ్యాక దరఖాస్తు పెట్టుకుని, సిటీ పాలక భవనమైన గిల్డ్‌హాల్‌లో, ఛాంబర్లెయిన్ కోర్టు అనే ఆఫీసులో డిక్లరేషన్ చదివి, పుస్తకంలో సంతకం పెడితేనే ఫ్రీమన్.

లివరీ కంపెనీలో సభ్యత్వం వేరు, సిటీ ఫ్రీడమ్ వేరు. రెంటికీ చేరిన తేదీలు వేరువేరుగా ఉంటాయి. ఈ రెండు తేదీల మధ్యలో బిడ్డ పుడితే కంపెనీలో హక్కు ఉండి సిటీలో లేకపోవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా చేరి ఉంటే రెండు కాగితాలూ తీయించి చూడండి.

ఇక కాగితాల సంగతి. మనవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. తల్లి లేదా తండ్రి ఫ్రీడమ్ సర్టిఫికెట్ నకలు, బిడ్డ బర్త్ సర్టిఫికెట్ తప్పకుండా దగ్గర ఉంచుకోవాలి. ఇంగ్లండ్‌లో బర్త్ సర్టిఫికెట్ రెండు రకాలు. చిన్నదాంట్లో తల్లిదండ్రుల పేర్లు ఉండవు, అది ఇందుకు పనికిరాదు. పెద్దది తీసుకోండి. తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్ కూడా అడగవచ్చు, సిద్ధంగా పెట్టుకోండి.

బిడ్డ ఇక్కడ పుడితే మున్సిపాలిటీ సర్టిఫికెట్‌లో పేర్లు అక్షరం అక్షరం చూడాలి. మా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎప్పుడూ కనిపించే తేడాలు చెబుతాను. తండ్రి టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. ఆసుపత్రిలో పేరు రాయించిన అమ్మమ్మ తల్లికి పుట్టింటి ఇంటిపేరే చెబుతుంది. పేరు పెట్టకముందే నమోదు చేయిస్తే బిడ్డ పేరు గడి ఖాళీగానే ఉండిపోతుంది. లండన్‌లో కూర్చున్న క్లర్కుకు ఆ ఒక్క అక్షరమే ఇంటిపేరు అని తెలియదు, ఇద్దరు వేరువేరు మనుషులు అనుకుంటాడు. 1969 జనన మరణ నమోదు చట్టంలో పేరు చేర్చడానికీ తప్పులు దిద్దడానికీ దారి ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే, సాక్ష్యం చెప్పే పెద్దలు బతికి ఉన్నప్పుడే ఆ పని చేయించుకోండి. అపోస్టిల్ ముద్ర, అంటే మన కాగితం విదేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, మాత్రం వాళ్లు అడిగాకే వేయించండి, ఊరికే ఖర్చు పెట్టకండి.

లండన్ బయట అయితే ఏ ఊరి ఆచారం ఆ ఊరిదే. కోవెంట్రీలో పుట్టుకతో రాదు, అప్రెంటిస్‌గా చేస్తేనే. న్యూకాసిల్‌లో ఫ్రీమన్లకు టౌన్ మూర్ అనే దాదాపు 1000 ఎకరాల బీడులో ఆవులు మేపుకునే హక్కు ఇప్పటికీ ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో పోర్ట్ మెడో మీద అలాంటి హక్కే ఉంది. ఈ పట్టణాల్లో చాలాచోట్ల కొడుకులకే ఇచ్చేవారు, 2009 చట్టం కూతుళ్లకు కూడా దారి తెరిచింది. మన ఉమ్మడి రాష్ట్రం ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో వాటా 1985లోనే ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ రోజుల్లో పంపకాల కాగితాల్లో ఆడబిడ్డ పేరు రాయించడానికి ఎంత పోరాటం జరిగేదో చూసినవాణ్ని కాబట్టి, పాప పేరు ఆ పుస్తకంలోకి ఎక్కాలని నాకు చాలా ఉంది.

కౌన్సిళ్లు పేరున్న వాళ్లకు గౌరవంగా ఇచ్చే హానరరీ ఫ్రీడమ్ ఇంకోటి ఉంది. అది ఆ మనిషితోనే సరి, పిల్లలకు రాదు.

బాబు సంగతి మరదలు ఫోన్‌లో అడిగింది. ‘బావగారూ, చెల్లికి వచ్చి వీడికి రాదంటే చిన్నబోతాడు కదా’ అంది. వాడికీ దారి ఉందమ్మా అన్నాను. పెద్దయ్యాక తండ్రి లివరీ కంపెనీ ద్వారానో, ఇద్దరు అర్హులైన వాళ్ల సిఫార్సుతోనో రిడెంప్షన్‌లో రావచ్చు, లేదా ఒక ఫ్రీమన్ దగ్గర అప్రెంటిస్‌గా చేరవచ్చు. చేతికి వచ్చే ఫ్రీడమ్ ఒకటే.