పారాప్రో స్వయంబోధిని, 8వ పాఠం: పరీక్ష రోజు

గత ఏడు పాఠాల్లో రీడింగ్, మ్యాథ్, రైటింగ్ మూడూ చూశాం. ఈ పాఠంలో కొత్త సిలబస్ ఏమీ లేదు. చదివినదాన్ని పారాప్రో పరీక్ష నడిచే రెండున్నర గంటల్లో చేజారనివ్వకుండా తెరమీద పెట్టడమే ఈసారి పని.

మధ్యలో చేరినవారి కోసం ఒక మాట. అమెరికా బడుల్లో టైటిల్ వన్ (పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే) నిధులతో నడిచే కార్యక్రమాల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరాలంటే రెండేళ్ల కాలేజీ చదువో, అసోసియేట్ డిగ్రీయో, లేదంటే ఇలాంటి పరీక్షలో ఉత్తీర్ణతో చూపించాలి. ఇండియా డిగ్రీ ఉన్నవారు దాన్ని అక్కడి చదువుతో సరిపోల్చి ఇచ్చే నివేదిక తెప్పించుకోవాల్సి వస్తుంది. ఆ ఖర్చూ ఆ ఎదురుచూపూ వద్దనుకుంటే ఈటీఎస్ అనే పరీక్షల సంస్థ వారి పారాప్రో దగ్గరి దారి. మొత్తం 90 ప్రశ్నలు, 150 నిమిషాలు. జిల్లా విద్యాశాఖ ఏర్పాటు చేసిన కేంద్రంలోనూ రాయవచ్చు, ఇంటి నుంచీ రాయవచ్చు. కేంద్రంలో రాసేవారికి గది సంగతి వాళ్లే చూసుకుంటారు కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం ఇంటి నుంచి రాసేవారి కోసం.

ముందు పేరు

రిజిస్టర్ చేసుకున్న పేరు, చూపించబోయే ఐడీలో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది, అది డ్రైవింగ్ లైసెన్సులోకీ పాకుతుంది. పెళ్లయ్యాక ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, మరోదాంట్లో అత్తింటిది ఉండేవారూ ఉంటారు. అందుకే రిజిస్ట్రేషన్‌కు కూర్చునే ముందే ఏ ఐడీ చూపించాలో తేల్చుకుని, దాన్ని ఎదురుగా పెట్టుకుని టైపు చేయండి. అది గడువు తీరని, ఫొటో, సంతకం రెండూ ఉన్న అసలు కార్డు అయి ఉండాలి. ఫోన్లో తీసిన ఫొటో, జిరాక్సు పనికిరావు. ఇప్పటికే తేడాగా నమోదై ఉంటే ఈటీఎస్‌ను సంప్రదించి ముందుగానే సరిచేయించుకోండి. పరీక్ష నాడు ప్రోక్టర్‌కు (కెమెరాలో మిమ్మల్ని గమనించే పర్యవేక్షకుడికి) ఎంత చెప్పుకున్నా అప్పటికప్పుడు పేరు మార్చడం ఆయన చేతిలో ఉండదు.

గది, కంప్యూటర్

గదిలో మీరు తప్ప ఎవరూ ఉండకూడదు, పరీక్ష నడుస్తుండగా ఎవరూ లోపలికి రాకూడదు. తలుపు కెమెరాకు కనబడాలి. మంచం మీదో సోఫాలోనో కూర్చుంటే ఒప్పుకోరు. మామూలు కుర్చీ, టేబుల్ కావాలి, టేబుల్ మీద ఏమీ ఉండకూడదు. తినడం, తాగడం కుదరదు. పిల్లలున్న ఇంట్లో ‘తలుపు కొట్టొద్దు’ అని చెప్పినంత మాత్రాన సరిపోదు. ఆ మూడు నాలుగు గంటలు వాళ్లను ఎవరైనా బయటికి తీసుకెళ్లేలా మాట్లాడుకోండి. పరీక్ష రెండున్నర గంటలే అయినా, ముందు జరిగే తనిఖీకి కూడా సమయం పడుతుంది.

ట్యాబ్, క్రోమ్‌బుక్ పనిచేయవు. విండోస్ లేదా మ్యాక్ కంప్యూటర్, ఒకే ఒక్క మానిటర్. హెడ్‌ఫోన్స్ పెట్టుకోకూడదు, కంప్యూటర్ స్పీకర్, మైకు వాడాలి. గది నాలుగు వైపులా, టేబుల్ పైభాగమూ చూపించాలి కనుక కెమెరా తిప్పడానికి వీలుండాలి. చాలామంది చేసే పొరపాటు, భర్త ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకుని కూర్చోవడం. కంపెనీ పెట్టిన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్, వీపీఎన్ కలిసి పరీక్ష నడిచే ఈటీఎస్ సెక్యూర్ బ్రౌజర్‌నో, ప్రోక్టర్‌కు తెర కనబడడాన్నో అడ్డుకుంటాయి. వాటిని ఆపే అధికారం మీ దగ్గర ఉండదు. సొంత కంప్యూటర్ మీద, పరీక్ష రాయబోయే గదిలోనే, అదే వైఫై మీద ఈటీఎస్ ఇచ్చిన ఎక్విప్‌మెంట్ చెక్‌ను వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి నడపండి. ప్రోక్టర్‌కు మీ తెరను చూపించడానికి చేతి అద్దమో ఫోనో అందుబాటులో ఉండాలి. ఆ పని అయిపోగానే ఫోన్ చేతికందని చోట పెట్టేయాలి.

చెవులు కనబడేలా జుట్టు వెనక్కి ముడుచుకోండి. క్లిప్పులు, హెయిర్‌బ్యాండ్లు, నగలు వద్దంటారు. గాజులు, దిద్దులు ముందే తీసి పెట్టండి. మంగళసూత్రం, నల్లపూసలు తీయడానికి మనసొప్పనివారు ఆ సంగతి ఈటీఎస్‌ను ముందుగానే అడిగి తేల్చుకోవాలి, తనిఖీ వేళ వాదనకు దిగవద్దు.

బోర్డు మీద లెక్క

కాలిక్యులేటర్ ఉండదు. ఇంటి నుంచి రాస్తే మామూలు కాగితం, పెన్ను కూడా ఉండవు. చిన్న వైట్‌బోర్డు ఒకటి, లేదంటే పారదర్శకంగా ఉండే షీట్ ప్రొటెక్టర్‌లో పెట్టిన ఒక్క తెల్లకాగితం, దానిమీద రాయడానికి చెరిగిపోయే మార్కర్. అంతే. ఈ చిన్న మార్పే చాలామందిని తికమకపెడుతుంది. లావు మొన ఉన్న మార్కర్‌తో ఒక్క భాగహారం చేసేసరికి బోర్డు నిండిపోతుంది. సన్నమొనదే కొనండి. ఇంటికి తెచ్చాక రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి చెరిపి చూడండి, కొన్ని ప్రొటెక్టర్ల మీద మరకలు మిగులుతాయి. పరీక్ష చివర బోర్డు పూర్తిగా తుడిచి ప్రోక్టర్‌కు చూపించాలి. బోర్డును నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీతతో నాలుగు గళ్లు చేసుకుని గడికో లెక్క చేస్తే అంకెలు కలగలిసిపోవు. చివరి వారం మ్యాథ్ సాధన మొత్తం ఈ బోర్డు మీదే చేయండి.

మ్యాథ్‌లో మూడోవంతు దాకా ప్రశ్నలు తరగతి గదికి సంబంధించినవి. ఉదాహరణకు ఒక విద్యార్థి 24 ÷ 4 × 2 = 3 అని రాశాడు, ఎక్కడ తప్పాడు? మీకు 12 అని వెంటనే తెలిసిపోతుంది, కానీ ప్రశ్న జవాబు గురించి కాదు. వాడు ముందు 4 × 2 చేసి, వచ్చిన 8తో 24ను భాగించాడు. లెక్కలో ఏది ముందు చేయాలో గుర్తుంచుకోవడానికి అక్కడి బడుల్లో నేర్పే ‘పెమ్‌డాస్’లో గుణకారం అక్షరం ముందుంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటే ఈ తప్పు వస్తుంది. మనం నేర్చుకున్న ‘బాడ్‌మాస్’లో భాగహారం ముందుండటం వల్ల మనకు ఈ తప్పు తట్టదు. భాగహారం, గుణకారం రెండూ సమానం, ఎడమ నుంచి కుడికి ఏది ముందొస్తే అది చేయాలి. ఇలాంటి ప్రశ్న వస్తే సరైన జవాబు పక్కన పెట్టి, విద్యార్థి రాసిన అంకె ఎలా వచ్చిందో బోర్డు మీద కట్టి చూడండి.

పరీక్ష మొదలయ్యే ముందు బోర్డు మీద ఏమీ రాసి ఉండకూడదు. కాబట్టి అడుగుకు 12 అంగుళాలు, పౌండుకు 16 ఔన్సులు, గ్యాలనుకు 4 క్వార్టులు, నాణేల్లో క్వార్టర్ అంటే 25 సెంట్లు, డైమ్ 10, నికెల్ 5 అన్నవి తడుముకోకుండా నోటికి రావాలి.

గడియారం

ప్రశ్నకు సగటున 100 సెకన్లు. కానీ అన్నింటికీ సమానంగా పంచవద్దు. ముందు రీడింగ్, తర్వాత మ్యాథ్, చివర రైటింగ్ వస్తాయి. రీడింగ్‌కు 55 నిమిషాలు, మ్యాథ్‌కు 50, రైటింగ్‌కు 30 పెట్టుకుంటే 15 మిగులుతాయి. దీన్ని మిగిలిన సమయం లెక్కలో గుర్తుపెట్టుకోండి. మ్యాథ్ మొదటి ప్రశ్న తెరమీదికి వచ్చేటప్పటికి గంటా 35 నిమిషాలు, రైటింగ్ మొదలయ్యేటప్పటికి 45 నిమిషాలు మిగిలి ఉండాలి. రీడింగ్‌లో ఒక పేరాను మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటే ఆ దెబ్బ చివర రైటింగ్ మీద పడుతుంది. గ్రామర్ బాగా వచ్చినవారు కూడా మార్కులు పోగొట్టుకునేది ఇలాగే. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక, తేలని ప్రశ్నకు ఏదో ఒకటి ఎంచి, గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి. ఒక్కటి కూడా ఖాళీగా వదలవద్దు.

పెదాలు కదుపుతూ, గొణుగుతూ చదివే అలవాటుంటే ఈ వారమే మానుకోండి. ఎవరితోనో మాట్లాడుతున్నారని ప్రోక్టర్ అనుకునే ప్రమాదం ఉంది. పైకప్పు వైపు, కిటికీ వైపు చూస్తూ ఆలోచించడమూ అంతే. మధ్యలో లేచి వెళ్లడానికి ఉండదు కాబట్టి పరీక్షకు ముందు గంటలో కాఫీ, మంచినీళ్లు తగ్గించండి.

ముగించాక తెరమీద అనధికారిక స్కోరు కనబడుతుంది. అది 420 నుంచి 480 మధ్య ఉంటుంది. పాసా, ఫెయిలా అన్నది రాష్ట్రమో, జిల్లానో నిర్ణయిస్తుంది. జార్జియాలో 456, వర్జీనియాలో 455. మీ జిల్లా హెచ్‌ఆర్ విభాగాన్ని అడిగి ఆ అంకెను ఇప్పుడే రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో స్కోరు రిపోర్టును విభాగాలవారీగా ఎలా చదవాలో చూద్దాం.