ఇంపొజిషన్ రాయకుండా ఇంగ్లిష్ పదాలు, స్పెల్లింగ్ నేర్చుకోవడం ఎలా?

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఇంగ్లిష్ పదాలు ఇంగ్లిష్ పీరియడ్‌లోనే ఉండిపోవు. జీవశాస్త్రంలో, భౌతికశాస్త్రంలో, సాంఘికంలో గుంపులుగా ఎదురవుతాయి. తప్పు రాసిన పదాన్ని పదిసార్లు ఇంపొజిషన్ రాయించడం మన బడుల్లో పాత అలవాటు. మూడోసారి నుంచి చేయి తన పని తాను చేసుకుపోతుంది, బుర్ర ఆటస్థలంలో ఉంటుంది. చూస్తూ పదిసార్లు రాసేకంటే, చూడకుండా ఒక్కసారి రాయడానికి ప్రయత్నించడం మేలు. కింద చెప్పే పద్ధతికి అదే ఆధారం.

1. పదాలను మీ పుస్తకంలోనే ఏరుకోండి

రోజుకు యాభై పదాలు నేర్పుతామనే పుస్తకాలను పక్కన పెట్టండి. ఈ రోజు చదివిన పాఠంలో మిమ్మల్ని ఆపిన పదాలు ఐదారు చాలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు చాలావరకు రెండు భాషల్లో అచ్చవుతున్నాయి. అదే పాఠం ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఉంటుంది. ముందు ఇంగ్లిష్ పేజీ చదివి అర్థం ఊహించండి, ఆ తర్వాతే తెలుగు పేజీ చూడండి. నోట్‌బుక్‌లో పదంతోపాటు అది వచ్చిన వాక్యాన్ని కూడా రాసుకోండి.

2. పదాన్ని విడదీసి చూడండి

తెలుగులో పలికినట్టే రాస్తాం. ఇంగ్లిష్‌లో అది కుదరదని అందరికీ తెలుసు, కానీ ఆ స్పెల్లింగ్‌కూ ఒక లెక్క ఉందని చాలామందికి ఎవరూ చెప్పరు. ఇంగ్లిష్ రాత చాలాచోట్ల ఉచ్చారణను వదిలేసి పదాల చుట్టరికాన్ని కాపాడుతుంది.

'గవర్నమెంట్'లో ఆర్ తర్వాత వచ్చే ఎన్ చాలామంది నోట్లో వినపడదు. దాన్ని 'గవర్న్', 'మెంట్' అని రెండుగా విడదీస్తే ఆ ఎన్ ఎక్కడికీ పోదు. 'డెఫినెట్లీ' రాసేటప్పుడు ఎన్ తర్వాత ఎ రాయాలా, ఐ రాయాలా అన్న సందేహం వస్తే లెక్కల పుస్తకంలోని 'ఫైనైట్ సెట్స్'ను గుర్తు చేసుకోండి. ఆ 'ఫైనైట్' మొత్తంగా ఇందులో ఉంది, కాబట్టి అక్కడ ఐ. 'మజిల్'లో పలకని సి, 'మస్క్యులర్'లో పలుకుతుంది. 'సైన్'లో దాక్కున్న జి, 'సిగ్నేచర్'లో బయటికొస్తుంది.

సైన్సు పదాలకు ఇంకో తాళంచెవి ఉంది. గ్రీకు నుంచి వచ్చిన పదాల్లో 'క' శబ్దానికి తరచు సి-హెచ్, 'ఫ' శబ్దానికి పి-హెచ్ రాస్తారు. కెమిస్ట్రీ, క్రోమోజోమ్, ఫిజిక్స్, ఫాస్ఫరస్ అన్నీ ఆ కోవలోవే. 'క్లోరోఫిల్'లో ఈ రెండూ ఉన్నాయి. క్లోరో అంటే లేత ఆకుపచ్చ, ఫిల్ అంటే ఆకు. పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండే వాయువుకు క్లోరిన్ అని పేరు పెట్టిందీ అందుకే. ఇలా చూస్తే స్పెల్లింగ్‌తోపాటు అర్థం కూడా ఒకే దెబ్బకు వస్తుంది. అమెరికాలో జరిగే స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ పోటీలో పిల్లలు పదం వినగానే అది ఏ భాష నుంచి వచ్చిందని అడిగేది ఇందుకే. 2024లో ఆ పోటీ గెలిచిన బృహత్ సోమ తెలుగు కుటుంబానికి చెందిన కుర్రాడు.

ఎలా విడదీసినా లొంగని పదాలు కొన్ని ఉంటాయి. వాటిని మీలో మీరు రాసినట్టే పలుకుకోండి, 'వెడ్-నెస్-డే' అని. నలుగురిలో మాత్రం సరిగ్గానే పలకండి!

3. మూసి రాయండి

పదాన్ని చూడండి, బయటికి చదవండి, మూసేయండి, రాయండి, సరిచూడండి. తప్పితే పదమంతా తిరగరాయకుండా, తప్పిన అక్షరం కింద మాత్రమే ఎర్రగీత గీసి మళ్లీ మూసి రాయండి. సాధారణంగా ఒక పదంలో తప్పు ఒకటి రెండు అక్షరాల దగ్గరే జరుగుతుంది.

4. మరిచిపోయే సమయానికి మళ్లీ అడగండి

నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం తొలి రోజుల్లోనే జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. దీనికి విరుగుడుగా జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1970లలో అట్టపెట్టెల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చెప్పుల పెట్టె ఒకటి తీసుకుని మూడు అరలు చేయండి. చీటీకి ఒకవైపు తెలుగు అర్థం, రెండోవైపు ఇంగ్లిష్ పదం రాయండి. మొదటి అర చీటీలను రోజూ, రెండో అరవి మూడు రోజులకోసారి, మూడో అరవి వారానికోసారి చూడండి. సరిగ్గా రాస్తే చీటీ తర్వాతి అరలోకి వెళ్తుంది. తప్పితే ఏ అరలో ఉన్నా మొదటి అరకే వస్తుంది.

ఇంగ్లిష్ రాని అమ్మో నానమ్మో కూడా ఈ చీటీలతో డిక్టేషన్ చెప్పగలరు. వాళ్లు తెలుగు అర్థం చదువుతారు, మీరు ఇంగ్లిష్ పదం రాసి చీటీ తిప్పి చూసుకుంటారు.

5. నియమాలు కొన్నే చాలు

'ఇ కంటే ముందు ఐ, సి తర్వాత అయితే తప్ప' అనే పద్యాన్ని నేను పెద్దగా నమ్మను. 'సైన్స్' అన్న పదమే దాన్ని ఒప్పుకోదు, అందులో సి తర్వాత కూడా ఐ-ఇ అనే వస్తుంది. పనికొచ్చే నియమం ఇంకొకటి ఉంది. 'బిగిన్'లో ఊనిక (స్ట్రెస్, అంటే ఒత్తి పలకడం) చివర పడుతుంది కాబట్టి 'బిగినింగ్'లో రెండు ఎన్‌లు. 'విజిట్'లో ఊనిక మొదట్లోనే పడుతుంది కాబట్టి 'విజిటింగ్'లో టి ఒక్కటే. 'ట్రావెల్' మాత్రం బ్రిటిష్ పద్ధతిలో దీనికి లొంగదు, 'ట్రావెలింగ్'లో రెండు ఎల్‌లు రాయాలి.

6. వాక్యంలో పెట్టండి

పదం అర్థం తెలిసినంత మాత్రాన వాడటం వచ్చినట్టు కాదు. తెలుగులో 'దాని గురించి చర్చించాం' అంటాం కాబట్టి 'డిస్కస్' పక్కన 'అబౌట్' పెట్టేస్తుంటారు. అది అక్కర్లేదు. వారానికోసారి, ఆ వారం నేర్చుకున్న పదాలతో ఐదారు వాక్యాలు రాసి టీచర్‌కు చూపించండి.

7. ఫోను దిద్దుబాటు ఆపేయండి

సాధన చేసేటప్పుడు ఫోనులో ఆటోకరెక్ట్ తీసేయండి. అది ఉంటే తప్పు మీ కంటపడకుండానే పోతుంది. పైగా చాలా ఫోన్లలో మొదటి నుంచీ అమెరికన్ స్పెల్లింగే ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలవి బ్రిటిష్ స్పెల్లింగ్‌లు. అందుకే సెట్టింగ్స్‌లో ఇండియా లేదా బ్రిటన్ ఇంగ్లిష్ ఎంచుకోండి. పరీక్షలో 'కలర్'కు ఒ-యు-ఆర్, 'సెంటర్'కు టి-ఆర్-ఇ, పుస్తకంలో ఉన్నట్టే రాయండి.