స్మార్ట్ ఇంటి వైరింగ్ – పాఠం 3: ప్రతి బోర్డుకీ దాని సొంత న్యూట్రల్

స్లాబు పడింది, గోడలు లేచాయి, వచ్చే వారం ప్లాస్టరింగ్. ఏ కంపెనీ స్విచ్‌లు కొనాలన్న ఆలోచన ఇప్పుడు పక్కన పెట్టండి. స్విచ్ నచ్చకపోతే అయిదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు. గోడలో పైపే లేకపోతే అప్పుడు గోడ పగలగొట్టాలి. క్రిందటి పాఠంలో డీబీలో (ఇంటి మొత్తానికి కరెంటు పంచే బోర్డులో) సర్క్యూట్లు విడదీశాం. ఆ సర్క్యూట్ల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఒక్కో బోర్డుకు ఎలా చేరాలో ఈసారి చూద్దాం.

మామూలు స్విచ్‌కు న్యూట్రల్ అక్కర్లేదు. ఫేజ్‌ను (కరెంటు వచ్చే వైరును) కలుపుతుంది, తెంపుతుంది, అంతే. ఫోన్‌తో కూడా నడిచే స్మార్ట్ స్విచ్ లోపల రిలే (కరెంటుతో దానంతటదే కలిపి, తెంపే చిన్న స్విచ్), వైఫై చిప్ ఉంటాయి. లైటు ఆపి ఉన్నా చిప్ మేలుకునే ఉండాలి కాబట్టి దానికి 24 గంటలూ కరెంటు కావాలి. న్యూట్రల్ లేకుండా పనిచేసే రకాలూ అమ్ముతారు. అవి తమకు కావలసిన కాస్త కరెంటును బల్బు గుండానే లాగుతాయి. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బుకు అది లెక్కే కాదు. 5 వాట్ల ఎల్‌ఈడీ అయితే ఆపిన తర్వాత కూడా మసకగా వెలుగుతుంటుంది, లేదా మిణుకుమిణుకుమంటుంది. కొత్త ఇంటికి ఆ రకం వద్దు.

తలుపు పక్కనుండే పెద్ద బోర్డులో సాకెట్ ఉంటుంది కాబట్టి న్యూట్రల్ ఎలాగూ వస్తుంది. చిక్కంతా మంచం పక్క టూ-వే స్విచ్ (ఒకే లైటును రెండు చోట్ల నుంచి నడిపేది), మెట్ల స్విచ్, బాత్రూం బయటి చిన్న బోర్డు దగ్గరే. అక్కడ ఎలక్ట్రీషియన్ స్విచ్ పనికి సరిపడా వైర్లే లాగుతాడు. అది తప్పు కాదు, మనం ముందే చెప్పకపోవడమే తప్పు. తలుపు బోర్డు నుంచి మంచం బోర్డుకు ఇలా లాగమనండి: టూ-వే వైర్లు రెండు, తిరిగి వచ్చే వైరు ఒకటి, ఫేజ్ ఒకటి, నల్ల న్యూట్రల్ ఒకటి, ఆకుపచ్చ ఎర్త్ ఒకటి. మొత్తం ఆరు, అన్నీ 1.5 చదరపు మి.మీ. రాగి వైర్లు. వీటికి 25 మి.మీ. పైపు వేయండి, 20లో ఇరికిస్తే వంపుల దగ్గర వైరు తోలు గీసుకుపోతుంది. రెండు పడకగదుల ఇంట్లో ఇలాంటి చోట్లు అయిదారు ఉంటాయి. చోటుకు పది మీటర్లనుకున్నా అదనపు న్యూట్రల్‌కు 90 మీటర్ల కాయిల్ ఒక్కటి చాలు.

ఆ తిరిగి వచ్చే వైరు ఎందుకంటే, స్మార్ట్ రిలేను (మామూలు స్విచ్ వెనక అమర్చే, వైఫై చిప్ ఉన్న చిన్న పరికరాన్ని) తలుపు బోర్డులోనే పెట్టి, రెండు టూ-వే స్విచ్‌లనూ దాని స్విచ్ టెర్మినల్‌కు చేర్చవచ్చు. రౌటర్ ఆగినా, ఇంటర్నెట్ పోయినా, అమ్మమ్మ చేతికందే స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుంది. ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

ఇక అసలు ప్రమాదం అరువు న్యూట్రల్. చిన్న బోర్డులో న్యూట్రల్ లేదని పక్క గది బోర్డు నుంచి తెచ్చి కలిపేస్తారు. లైటు వెలుగుతుంది, అందరూ సరే అనుకుంటారు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే పరికరం) చేసే పని, ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా తన న్యూట్రల్‌లోనే తిరిగి వచ్చిందా అని పోల్చడం. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే ట్రిప్ అవుతుంది. 9 వాట్ల బల్బు ఒక్కటే 230 వోల్టుల దగ్గర 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు వేరే ఆర్‌సీసీబీ న్యూట్రల్‌లోంచి తిరిగి వెళ్తే, ఒక్క బల్బు వేసినా ట్రిప్ ఖాయం. ఇన్వర్టర్ లైన్లూ అంతే. ఇన్వర్టర్ లైట్ల న్యూట్రల్ ఇన్వర్టర్ వైపు నుంచే రావాలి, మామూలు లైన్‌తో ఎక్కడా కలవకూడదు. కరెంటు పోయినప్పుడల్లా వచ్చే వింత ట్రిప్పులలో చాలావాటికి మూలం ఈ కలయికే. అప్పుడు విసిగిపోయి ఆర్‌సీసీబీనే తీసేయిస్తారు. ప్రాణం కాపాడే పరికరాన్ని అలా పోగొట్టుకోవద్దు.

గోడలో బిగించే స్విచ్ బాక్సు లోతు 50 మి.మీ.కు తగ్గకూడదు. స్విచ్ వెనక భాగం, దాని వెనక రిలే, ఆపైన వైర్లు, ఇవన్నీ అందులోనే ఇమడాలి. ఆరు మాడ్యూళ్ల (ఒక చిన్న స్విచ్ పట్టే చోటు ఒక మాడ్యూల్) పనికి ఎనిమిది మాడ్యూళ్ల బాక్సు వేసి, మిగిలిన రెండిటికి బ్లాంక్ ప్లేట్ పెట్టండి. రిలేకు గాలి ఆడుతుంది, బాక్సు ఇనుపదైనా వైఫై కాస్త నయంగా అందుతుంది. గీజరుకు, మోటారుకు ఈ చిన్న రిలేలు వద్దు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రిలే లోపలి బిళ్లలు అతుక్కుపోతే ఫోన్లో ఆపినా మోటారు ఆగదు. అక్కడ రిలే కాంటాక్టర్‌ను (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద రిలేను) నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. బీఎల్‌డీసీ ఫ్యానుకు (వేగాన్ని లోపలి సర్క్యూటే నియంత్రించే, కరెంటు ఆదా చేసే రకం) రెగ్యులేటర్ కానీ డిమ్మర్ కానీ పెట్టకండి, నేరుగా సప్లై ఇవ్వండి.

వైర్లు లాగడం అయ్యాక, బల్బులు పెట్టకముందే ఈ పరీక్ష చేయించండి. మెయిన్, అన్ని ఎంసీబీలు (డీబీలో ఒక్కో సర్క్యూట్‌కుండే బ్రేకర్లు) ఆపి, ఇన్వర్టర్ ప్లగ్ తీసి, దాని అవుట్‌పుట్ కూడా విడదీయండి. ఒక సర్క్యూట్ న్యూట్రల్‌ను న్యూట్రల్ బార్ (న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీ) నుంచి విప్పి, ఆ కొసకూ డీబీలోని ప్రతి న్యూట్రల్ బార్‌కూ మధ్య మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి. మోగకూడదు. మోగితే ఆ న్యూట్రల్ ఎక్కడో ఇంకోదానితో కలిసింది. ఎర్త్‌తోనూ అలాగే చూడండి. ఒక్కొక్క సర్క్యూట్‌కూ చేస్తే గంట పని. టెస్టర్ వెలగలేదు కాబట్టి న్యూట్రలే అని ఒప్పుకోకండి. తెగిపోయిన వైరుకూ టెస్టర్ వెలగదు.

తర్వాతి పాఠానికి ముందు ఒక పని. ఇంటి ప్లాను కాగితం మీద ప్రతి బోర్డు పక్కనా మూడు విషయాలు రాయండి: ఏ సర్క్యూట్, ఇన్వర్టర్ ఉందా లేదా, న్యూట్రల్ ఎక్కడి నుంచి. ఖాళీగా మిగిలిన చోటే మేస్త్రీని ఆపి పైపు వేయించాల్సిన చోటు. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడనూ కొలత టేపు ఆనించి ఫొటో తీసుకోండి. ఆ కాగితమే పాఠం 4లో నెట్‌వర్క్ పైపులకు కావాలి.