సైకిల్ మన చేతుల్లోనే – ఐదో పాఠం: చేతికి కుదిరే గ్రిప్పు

పోయిన పాఠంలో సీటు ఎత్తు, వాలు సరిచేసుకున్నాం. చివర్లో ఒక పని అప్పగించాను: గంటసేపు తొక్కి, దిగిన వెంటనే ఏ వేలు తిమ్మిరెక్కిందో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు రేపు పొద్దున తొక్కి వచ్చాకే ఈ పాఠం చదవండి, తొందరేం లేదు. గ్రిప్పు ఎంపిక షాపులో కాదు, మీ వేళ్ల దగ్గర మొదలవుతుంది.

చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు అని రాసుంటే, నలిగింది అల్నార్ నరం. మోచేతి ఎముకకు ఏదైనా తగిలితే ఝల్లుమంటుందే, ఆ నరమే కిందకి దిగి మణికట్టు దాటి అరచేతిలోకి వస్తుంది. వచ్చే చోట చిటికెన వేలి వైపు ఒక సన్నటి సందులోంచి దూరుతుంది. ఫ్రాన్సు సర్జన్ ఫెలిక్స్ గయాన్ 1861లో దాన్ని వివరించాడు కాబట్టి డాక్టర్లు గయాన్ కెనాల్ అంటారు. అక్కడ నరానికి పైన కండ దన్ను పెద్దగా లేదు. హ్యాండిల్ మీద ఒంటి బరువు మోపినప్పుడు సరిగ్గా ఆ చోటే నొక్కుకుపోతుంది. సైకిల్ తొక్కేవాళ్లలో ఇది ఎంత మామూలంటే, వైద్యంలో దీనికి హ్యాండిల్‌బార్ పాల్సీ అని పేరే ఉంది.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అని రాసుంటే అది వేరే నరం, మీడియన్. మణికట్టు మధ్యలోంచి వెళ్తుంది. మణికట్టు వెనక్కి విరిచినట్టు పెట్టి చాలాసేపు తొక్కితే దాని మీద ఒత్తిడి పెరుగుతుంది. దీనికి చాలాసార్లు కొత్త గ్రిప్పు అక్కర్లేదు. బ్రేక్ లివర్లు మరీ పైకి తిరిగి ఉంటే కాస్త కిందకి తిప్పుకుంటే సరిపోతుంది.

ఒక హెచ్చరిక. దిగిన కాసేపటికి పోయే తిమ్మిరి గురించే ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. రెండు మూడు రోజులైనా పోకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడానికో పెన్ను పట్టుకోవడానికో వేళ్లకు బలం చాలకపోయినా, ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. సైకిల్ షాపు తర్వాత.

గ్రిప్పు కొనేముందు ఇంకో పరీక్ష. ఖాళీ రోడ్డు మీద మామూలు వేగంతో తొక్కుతూ, చేతులు హ్యాండిల్ మీదే ఉంచి పట్టు బాగా వదులు చేయండి, పియానో మీద వేళ్లు ఆనించినట్టు. ఒళ్లు ముందుకు జారిపోతోందా? అయితే సీటు ముక్కు కిందకి వాలి ఉండొచ్చు, లేదా హ్యాండిల్ మరీ దూరంగా, మరీ కిందకి ఉండొచ్చు. ఆ బరువంతా అరచేతుల మీద పడుతుంటే ఎంత ఖరీదైన గ్రిప్పూ కాపాడలేదు. నాలుగో పాఠానికి వెనక్కి వెళ్లి సీటు మళ్లీ చూసుకోండి. టైర్లలో గాలి కూడా చూడండి. పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె దాకా నింపేస్తే రోడ్డు గతుకులన్నీ నేరుగా చేతికే వస్తాయి. ఐదేసి పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ తొక్కి చూడండి, కనిష్ఠం రాసి ఉంటే దానికి కిందకి మాత్రం వెళ్లొద్దు. ఖర్చు లేకుండా దొరికే హాయి ఇది. టైరును వదిలేసి గ్రిప్పు వెంట పడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా చెయ్యి నొప్పిగా ఉంటే, ఇక గ్రిప్పు సంగతి.

లావు కొలవడం

నేనూ మొదట అందరిలాగే కొన్నాను. షాపులో గోడకు వేలాడుతున్న జెల్ గ్రిప్పుల్ని బొటనవేలితో నొక్కి చూశాను. దూదిలా దిగింది. ఆ మెత్తదనానికే మురిసిపోయి కొనేశాను. ఆ ఆదివారం విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అమరావతి వెళ్లాను. దిగాక హెల్మెట్ క్లిప్పు తీయబోతే చిటికెన వేలూ ఉంగరపు వేలూ నావి కానట్టున్నాయి. ఎడమ చేత్తో తీసుకోవాల్సి వచ్చింది. పాత గట్టి రబ్బరు గ్రిప్పులతో అంత ఎప్పుడూ కాలేదు.

కారణం తర్వాత అర్థమైంది. మెత్తటి జెల్ ఎక్కడ బరువు ఎక్కువ పడుతుందో అక్కడే ముందు అణిగిపోతుంది. అణిగి పక్కలకు పారిపోతుంది. అంటే ఏ చోట ఆదుకోవాలో సరిగ్గా ఆ చోటే పలచబడుతుంది. దానికి తోడు చేతికింద అటూ ఇటూ కదులుతుంటే, మనకు తెలియకుండానే ఇంకా గట్టిగా బిగించి పడతాం. రెండు గంటలు పిడికిలి బిగించి కూర్చోండి, ముంజేయి ఎలా లాగుతుందో తెలుస్తుంది. షాపులో బొటనవేలితో నొక్కి చూసే పరీక్ష మంచం కొనేటప్పుడు పనికొస్తుందేమో, గ్రిప్పుకు పనికిరాదు.

అసలు చూడాల్సింది లావు. సిటీ సైకిళ్లు, హైబ్రిడ్లు, మౌంటెన్ బైకుల్లో గ్రిప్పు ఎక్కే చోట హ్యాండిల్ గొట్టం లావు (అడ్డుకొలత) దాదాపు అన్నింటికీ ఒకటే, 22.2 మిల్లీమీటర్లు. కాబట్టి ఏ గ్రిప్పైనా మీ సైకిల్‌కు ఎక్కుతుందా అనే బెంగ ఉండదు. తేడా గ్రిప్పు బయటి లావులోనే. సన్నవి 28, 29 మిల్లీమీటర్లు ఉంటాయి, లావువి 34 దాకా వెళ్తాయి. వినడానికి ఐదారు మిల్లీమీటర్లే, చేతికి మాత్రం చాలా పెద్ద తేడా. సన్నదైతే వేళ్ల కొసలు అరచేతిలోకి గుచ్చుకుని పిడికిలి బిగుసుకుంటుంది. లావుదైతే వేళ్లు చుట్టూ తిరగక పట్టు నిలవదు, బ్రేక్ లివరు కూడా అందీ అందనట్టు దూరమవుతుంది. చిన్న చేతులున్న ఆడపిల్లలకు, పిల్లలకు ఈ రెండో ఇబ్బంది ఎక్కువ. వాళ్ల సైకిల్‌కు లావు గ్రిప్పు వేసి "హాయిగా ఉంటుందమ్మా" అనేవాళ్ల మాట వినకండి.

మీ లావు ఎంతో ఇంట్లోనే కనుక్కోవచ్చు. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు ఒకటి అడగండి, ఊరికే ఇస్తారు. రెండు వేళ్ల వెడల్పున పొడుగు పట్టీలుగా కత్తిరించండి. ఇప్పుడున్న గ్రిప్పు మీద, అరచెయ్యి ఆనే చోట ఒక పట్టీని అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే వచ్చేలా లాగి చుట్టండి. కొసను ఇన్సులేషన్ టేపుతో బిగించండి. ఇరవై నిమిషాలు తొక్కండి. మర్నాడు దాని మీద ఇంకో వరస చుట్టి మళ్లీ తొక్కండి. ఒక వరస దగ్గర చెయ్యి "ఇదీ" అంటుంది. వేళ్ల కొసలు అరచేతికి తగిలీ తగలనట్టుంటాయి, పిడికిలి దానంతటదే వదులవుతుంది. చేతి తొడుగులు వేసుకుని తొక్కే అలవాటుంటే ఈ పరీక్షంతా అవి వేసుకునే చేయాలి.

అక్కడ ఆగి, ఒక దారం తీసుకుని ఆ లావు చుట్టూ ఒక్క చుట్టు తిప్పండి. కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, స్కేలు మీద పరిచి కొలవండి. వచ్చిన అంకెను 3.14తో భాగించండి. దారం 10 సెంటీమీటర్లు వస్తే గ్రిప్పు లావు సుమారు 32 మిల్లీమీటర్లు, 9 వస్తే 29 కంటే కొంచెం తక్కువ. ఇప్పుడు షాపుకైనా వెళ్లండి, ఆన్‌లైన్లోనైనా వెతకండి. మీ చేతిలో అంకె ఉంది.

పొడుగు కూడా కొలిచి పెట్టుకోండి, హ్యాండిల్ చివర నుంచి బ్రేక్ లివరు లేదా గేరు షిఫ్టరు దాకా. మామూలు గ్రిప్పులు 13 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. మణికట్టు తిప్పి గేరు మార్చే షిఫ్టరుంటే ఆ వైపు పొట్టిది కావాలి.

దేనితో చేసింది, ఏ ఆకారంలో

నల్ల స్పాంజి గ్రిప్పులు చవక, తేలిక. కానీ చెమట పీల్చుకుంటాయి. మే నెలలో మన కోస్తా ఉక్కలో పది రోజులు తొక్కితే వాసన మొదలవుతుంది, ఎక్కడైనా చిన్న చీలిక పడితే ముక్కలు ముక్కలుగా ఊడిపోతుంది. సిలికాన్ ఫోమువి దీనికన్నా చాలా మేలు. చెమట లోపలికి పోదు, కడిగితే మళ్లీ కొత్తవే. కుదుపును బాగా మింగుతాయి. ఈఎస్ఐ అనే గ్రిప్పుల కంపెనీ వాళ్లవి ఈ రకమే. గట్టి రబ్బరువి ఎక్కువ కాలం వస్తాయి, గీతలు లోతుగా ఉంటే చెమట చేతికీ పట్టునిస్తాయి.

మరీ మెత్తటి రబ్బరుతో ఇంకో చిక్కుంది. ఎండలో నిలబెట్టగా నిలబెట్టగా రబ్బరును మెత్తగా ఉంచే నూనెల్లాంటి పదార్థాలు పైకి ఊరి, గ్రిప్పు బంకలా చేతికి అంటుకుంటుంది. స్పిరిటుతో తుడిస్తే కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ అంతే. ఆ దశకు వచ్చినదాన్ని తీసేయడమే.

ఇక ఆకారం. కాగితం మీద చిటికెన వేలు రాసుకున్నవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. జర్మనీ కంపెనీ ఎర్గాన్ జీపీ1 లాంటి గ్రిప్పులకు బయటి కొస దగ్గర వెనక్కి చాచిన రెక్క ఉంటుంది. అరచేతి మడమ, అంటే మణికట్టును ఆనుకున్న భాగం, ఆ రెక్క మీద ఆనుతుంది. అంతవరకు ఒక సన్నటి గీత మీద పడ్డ బరువు ఇప్పుడు వెడల్పుగా పరుచుకుంటుంది, గయాన్ కెనాల్ మీద నొక్కు తగ్గుతుంది. నా చేతిని బాగుచేసింది ఈ రెక్కే.

అయితే రెక్కను తప్పు కోణంలో బిగిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. రెక్క పైకి లేచి ఉంటే మణికట్టు వెనక్కి విరుగుతుంది. కిందకి వాలి ఉంటే చెయ్యి జారుతుంది. బోల్టు సగం బిగించి, సైకిల్ ఎక్కి కూర్చుని, ఒకరిని పక్క నుంచి చూడమనండి. మోచేతి నుంచి వేళ్ల కణుపుల దాకా ఒకే గీతలా కనిపించాలి. రెక్క చేతిని ఎత్తకూడదు, ఉన్న ఖాళీని నింపాలి, అంతే. పూర్తిగా బిగించి పది నిమిషాలు తొక్కండి, కొద్దిగా తిప్పి మళ్లీ పది నిమిషాలు తొక్కండి. కుదరడానికి నాకు మూడు రోజులు పట్టింది. మట్టిదారుల్లో, రాళ్లల్లో దూకించేవాళ్లకు మాత్రం రెక్క అడ్డం, చెయ్యి క్షణక్షణం కదలాలి. వాళ్లకు గుండ్రటివే మంచివి.

ఎక్కించడం

పాత గ్రిప్పు తీయడానికి దాని కింద సన్నటి స్క్రూడ్రైవరు మెల్లగా దూర్చి, ఆ సందులోకి సబ్బునీళ్లు పోసి, తిప్పుతూ లాగండి. కొత్తదానికీ అదే సబ్బునీళ్లు. మా ఊళ్లో రాడ్డు బ్రేకుల కాలం నుంచి సైకిళ్లు బాగుచేస్తున్న పెద్దాయన ఒకరున్నారు. నేనొకసారి ఇంట్లో నూనె రాసి ఎక్కించుకున్న గ్రిప్పు తీసుకెళ్తే పట్టుకుని చూసి, "నూనె రాస్తే ఇవాళ ఎక్కుద్ది బాబూ, రేపు చేతిలో తిరుగుద్ది. సబ్బునీళ్లయితే ఆరిపోద్ది, పట్టుకుంటది" అన్నారు. అప్పటికే నాది తిరుగుతోంది. నిలబడి తొక్కేటప్పుడు గ్రిప్పు ఊడి చేతికొస్తే ఏమవుతుందో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సబ్బునీళ్లతో ఎక్కించాక కూడా ఒక రాత్రి ఆరనివ్వండి, పొద్దున గట్టిగా తిప్పి చూశాకే బయల్దేరండి.

బోల్టుతో బిగించే లాక్-ఆన్ రకానికి ఈ తంటా లేదు. 2.5 లేదా 3 మిల్లీమీటర్ల అలెన్ కీ చాలు. ఎంత బిగించాలో రింగు మీద న్యూటన్ మీటర్లలో రాసి ఉంటే అంతకు మించొద్దు, ఆ చిన్న బోల్టుల మర తేలిగ్గా పోతుంది.

గొట్టం కొసల మూతలు పెట్టడం మర్చిపోకండి. పిల్లల సైకిళ్లలో గ్రిప్పు చివర చిరిగి ఇనప గొట్టం బయటకు కనిపిస్తుంటే ఆ రోజే మార్చండి. పడ్డప్పుడు ఆ కొస పొట్టలో గుచ్చుకుని పెద్ద దెబ్బలు తగులుతాయి.

వంపు హ్యాండిలున్నవాళ్లకు

డ్రాప్ బార్‌కు గ్రిప్పుల బదులు టేపు. మందం 1.8 నుంచి 3.5 మిల్లీమీటర్ల దాకా దొరుకుతుంది. పైన చెప్పిన లావు లెక్క దీనికీ వర్తిస్తుంది కాబట్టి చిన్న చేతులకు మందపు టేపు వద్దు. చుట్టడం కింది కొస నుంచి మొదలుపెట్టాలి. సీట్లో కూర్చున్న మీ వైపు నుంచి చూస్తే కుడివైపు గడియారం ముల్లు తిరిగే దిశలో, ఎడమవైపు దానికి ఎదురుగా చుట్టాలి. కింద పట్టుకున్నప్పుడు చేతులు బయటికి తిప్పే బలం టేపును ఇంకా బిగిస్తుంది. ప్రతి చుట్టూ ముందుదాని మీద మూడో వంతు ఎక్కాలి. వంపు లోపలి అంచున చుట్టులు దగ్గరవుతాయి, బయటి అంచున విడిపోతాయి. కాబట్టి కన్ను ఎప్పుడూ బయటి అంచు మీద ఉండాలి, అక్కడ గొట్టం తొంగిచూస్తే రెండు చుట్టులు విప్పి మళ్లీ చుట్టండి. బ్రేక్ లివరు వెనక ముందుగా ఒక చిన్న ముక్క అతికించుకుంటే అక్కడ ఖాళీ రాదు. చివర్లో టేపు కొసను ఏటవాలుగా కోసి ఇన్సులేషన్ టేపుతో ముగించండి.

600 కిలోమీటర్లు 40 గంటల్లో ముగించాల్సిన బ్రెవేలకు, అంటే గడువు పెట్టిన దూరపు సైకిల్ ప్రయాణాలకు వెళ్లేవాళ్లు పైభాగం వరకే రెండు పొరలు వేసుకోవచ్చు. కానీ వాళ్లకు నా మాట ఒకటే: పావుగంటకోసారి చెయ్యి పెట్టే చోటు మార్చండి. వంపు హ్యాండిలుకు అన్ని పట్టులు ఇచ్చింది అందుకే.

వచ్చే పాఠంలో బ్రేక్ లివరును వేలికి దగ్గర చేసుకోవడం. దానికి మీ గ్రిప్పు లావు ఎంతో తెలిసి ఉండాలి. ఈ వారం ట్యూబు పట్టీలు చుట్టి, దారంతో కొలిచి, ఆ అంకెను పాత కాగితం మీదే, వేళ్ల పేర్ల కింద రాసి ఉంచుకోండి.