పాత పాత్రల్లో పూల మొక్కలు: నాటే ముందు జాగ్రత్తలు

అడుగున నీరు పోయే దారి ఉందా? లేకపోతే 10–12 మి.మీ. రంధ్రాలు మూడు నాలుగు వేయండి. పింగాణీకైతే డ్రిల్లుకు డైమండ్ బిట్ (వజ్రపు పొడి పూత ఉన్న మొన) బిగించి, హ్యామర్ మోడ్ (కొడుతూ తొలిచే పద్ధతి) ఆపేసి, తొలిచే చోట మాస్కింగ్ టేప్ (కాగితపు టేప్) అంటించి, దాని మీద నీళ్లు చిలకరిస్తూ నెమ్మదిగా తొలవాలి. గట్టిగా నొక్కితే పగులుతుంది.

రంధ్రం బదులు గులకరాళ్లు పోస్తే చాలనుకోవద్దు. నీరు మట్టిలోనే నిలిచి వేళ్లు కుళ్లుతాయి. తొలవడానికి మనసొప్పకపోతే లోపల రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీ దించండి. రాగి పాత్రలకూ ఇదే మేలు.

పాత రంగు పెచ్చులూడుతోందా? అందులో సీసం (విష లోహం) ఉండొచ్చు. తడపకుండా గీకొద్దు. అలాంటి పాత్రలో తినే మొక్కలు అసలే వద్దు.

రేకు డబ్బా ఎండకు కాగి వేళ్లను మాడుస్తుంది. మధ్యాహ్నం నీడ పడే చోటు చూడండి.

బరువైన పాత్రను చోటులో పెట్టాకే మట్టి నింపండి, అంచుకు 2–3 సెం.మీ. కిందవరకే.