1960ల పాప్ పాటలు స్నేహితులకు వినిపించడం ఎలా?

ఓ మోస్తరు స్పీకర్లు రెండు, ఫోన్లో ఏదో ఒక పాటల యాప్. ఇంకేం అక్కర్లేదు. పన్నెండు పాటలు మించొద్దు, మించితే వినేవాళ్లు ఫోన్లు తీస్తారు.

పాటలు ఏరేటప్పుడు పదేళ్లూ వరుసగా చూపించాలనుకోకండి. అందరూ చేసేది అదే, అది చరిత్ర క్లాసు అయి కూర్చుంటుంది. ఒక్క 1966 తీసుకోండి. బీటిల్స్ ‘రివాల్వర్’ ఆల్బమ్‌లోని ‘ఎలినార్ రిగ్బీ’లో ఆ నలుగురిలో ఎవరూ వాయిద్యం ముట్టుకోలేదు. వెనక మోగేదంతా ఎనిమిది మంది వాయించిన వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు. అదే ఆల్బమ్ ఆఖర్లో ‘టుమారో నెవర్ నోస్’ దాదాపు ఒకే శ్రుతి మీద నిలబడి, చుట్టలుగా అతికించిన టేపుల అరుపులతో నడుస్తుంది. రోలింగ్ స్టోన్స్ ‘పెయింట్ ఇట్ బ్లాక్’లో సితార్. బీచ్ బాయ్స్ ‘గుడ్ వైబ్రేషన్స్’లో కింద చెల్లో గీరుతుంటే పైన ఎలక్ట్రో-థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం ఊళ పెడుతుంది. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి డెట్రాయిట్ నుంచి సుప్రీమ్స్ అనే అమ్మాయిల బృందం. ఇవన్నీ ఒక్క ఏడాదివే.

ఇక అసలు చిక్కు: మోనోనా, స్టీరియోనా? మోనో అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం, స్టీరియో అంటే కుడికీ ఎడమకీ వేర్వేరు. ఇక్కడ నిదానించండి.

అప్పట్లో సింగిల్ రికార్డులూ, రేడియో పాటలూ ఎక్కువగా మోనోలోనే వినేవారు. అందుకే పాటలు చేసేవాళ్లలో చాలామంది మోనో మిక్స్ (గొంతూ వాయిద్యాలూ తూచి కలపడం) మీదే శ్రద్ధ పెట్టి, స్టీరియోని తర్వాత త్వరగా కానిచ్చేవారు. ‘ఎలినార్ రిగ్బీ’ పాత స్టీరియోలో చరణాల్లో గొంతు కుడివైపే ఉంటుంది. ఒకసారి నేనూ, మా ఫ్రెండూ ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకుని విన్నాం. ఎడమది వాడికొచ్చింది. ‘చరణాల్లో ఎవరూ పాడరేంట్రా?’ అన్నాడు.

కాబట్టి పాట పేరు పక్కన ‘మోనో’ అని ఉన్నదే వెతకండి. దొరక్కపోతే ‘రివాల్వర్’ పాటలకి 2022లో కొత్తగా చేసిన రీమిక్స్ పర్వాలేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘మోనో ఆడియో’ నొక్కేస్తే పనైపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. అది రెండు చానెళ్లనీ కలుపుతుంది, అంతే. గొంతు ఎంత, తీగలు ఎంత అని 1966లో కూర్చుని తూచిన మిక్స్ వేరు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, తేడా మొదటి చరణంలోనే తెలిసిపోతుంది.

బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్ నుంచి ఏదైనా పెడితే మోనో తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు. ఆ పాటలు తయారుచేసిన బ్రయన్ విల్సన్‌కి కుడి చెవి దాదాపు వినపడేది కాదు, ఆయన మోనోలోనే ఆలోచించాడు. 1997లో వచ్చిన స్టీరియో శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. నాకు మాత్రం పూసల దండ తెంపి బల్ల మీద పోసినట్టుంటుంది.

వరుస తేలికే. పోలిక లేనివి పక్కపక్కన పెట్టండి. సుప్రీమ్స్ తర్వాత వెంటనే ‘టుమారో నెవర్ నోస్’. మధ్యలో మీరు మాట్లాడొద్దు.